పేరు చెప్పని కలం – అల్‌ కవాకిబీ రచనలు, రచయిత అజ్ఞాతం

ఇస్లామీయ విద్యలలో పేరుకు ఉన్నంత విలువ ఇతర విద్యాసంప్రదాయాలలో అరుదుగా కనిపిస్తుంది. ఒక హదీసు ముహద్దిసుల ముందుకు వచ్చినప్పుడు దానిని ఎవరు చెప్పారు, ఎవరి వద్ద విన్నారు, ఆ ఇద్దరూ ఒకే కాలంలో జీవించి కలుసుకున్నవారేనా, వారి జ్ఞాపకశక్తి ఎటువంటిది, నడవడి ఎటువంటిది అని విచారించేవారు. ఈ విచారణ కోసమే ‘అస్మా ఉర్రిజాల్‌’ అనే శాస్త్రం వెలసింది. వేలాది ఉల్లేఖకుల జీవితాలు అందులో నమోదయ్యాయి. ఎవరో తెలియని ఉల్లేఖకుని ‘మజ్‌హూల్‌’ అన్నారు. అటువంటివాని మాటను ప్రమాణంగా స్వీకరించడానికి హదీసు విద్వాంసులు సాధారణంగా అంగీకరించలేదు.

అయితే ఇదే నాగరికతలో, వ్రాసినవారి పేరు లేకుండానే వెలువడి, శతాబ్దాల తరబడి చదవబడిన గ్రంథాలు కూడా ఉన్నాయి. వాటిలో కొన్ని పాలకుల అన్యాయాన్ని ప్రశ్నించాయి, మరికొన్ని పండితులు బహిరంగంగా చర్చించడానికి జంకిన విషయాలను చర్చించాయి. ఇస్నాదును అంత గట్టిగా అడిగిన సమాజం పేరు లేని గ్రంథాన్ని ఎలా ఆదరించింది? పైకి వైరుధ్యంగా కనిపించే ఈ విషయం లోతుకు వెళితే, నేటి ప్రజాస్వామ్యంలోనూ తేలని ఒక వివాదానికి దారి కనిపిస్తుంది.

సాక్ష్యం వేరు, వాదం వేరు

హదీసు ఉల్లేఖనం ఒక సాక్ష్యం. ఫలానా మాట దైవప్రవక్త ముహమ్మద్‌ (సల్లల్లాహు అలైహి వసల్లం) పలికారని ఒకరు చెబుతున్నారు. ఆ మాట నిజమా కాదా అన్నది చెప్పినవాని సత్యసంధత మీద ఆధారపడి ఉంది. కనుక అతడెవరో తెలియాలి. న్యాయస్థానంలో సాక్షి విషయమూ ఇంతే. కాని ఒక వాదం సంగతి వేరు. “అన్యాయపు పన్ను దేశాన్ని పాడు చేస్తుంది” అని ఒకరు కారణాలతో నిరూపిస్తే, ఆ కారణాలు సరియైనవో కావో చదివినవాడే తూచి చూసుకోగలడు. చెప్పినవాడు ఎవరైనా ఆ తూకం మారదు. చెప్పినవానిని గాక చెప్పిన మాటను చూడమనే హితవు హజ్రత్‌ అలీ (రజి) పేరుతో ముస్లిం సమాజంలో తరతరాలుగా ప్రచారంలో ఉండడానికి కారణం ఇదే.

దివ్య ఖుర్‌ఆన్‌లో ఇందుకు రెండు గొప్ప ఉదాహరణలు ఉన్నాయి. 40వ సూరాలో, హజ్రత్‌ మూసా (అలైహిస్సలాం)ను చంపాలని ఫిరౌన్‌ నిండు కొలువులో ప్రకటించినప్పుడు, ఫిరౌన్‌ వంశానికే చెందిన ఒక వ్యక్తి లేచి అడ్డు చెబుతాడు. అప్పటిదాకా అతడు తన విశ్వాసాన్ని దాచుకొని ఉన్నవాడు. అతని వాదాన్ని ఖుర్‌ఆన్‌ ఎంతో విపులంగా వినిపించింది గాని అతని పేరు మాత్రం చెప్పలేదు. ఆ సూరాకు ఉన్న ‘అల్‌ మూమిన్‌’ అనే పేరు ఆ పేరు లేని విశ్వాసి వల్ల వచ్చినదే. అదే విధంగా యాసీన్‌ సూరాలో నగరపు అవతలి కొస నుంచి పరుగెత్తుకు వచ్చి, దైవసందేశహరుల పక్షాన మాట్లాడిన మనిషి పేరు కూడా ఖుర్‌ఆన్‌లో లేదు. వ్యాఖ్యాతలు ఆయనను హబీబ్‌ నజ్జార్‌ అన్నారు. మూలంలో మాత్రం ఆయన వాదమే మిగిలింది.

బస్రా మిత్రబృందం

పేరు దాచుకున్న రచయితల ప్రస్తావన వస్తే ఇస్లామీయ చరిత్రలో ముందుగా గుర్తుకు వచ్చేది ‘ఇఖ్వానుస్సఫా’ అనే మిత్రబృందం. క్రీ.శ. 10వ శతాబ్దంలో బస్రా నగరం కేంద్రంగా వీరు గణితం, సంగీతం, ప్రకృతి శాస్త్రాలు, ఆత్మతత్వం, ధర్మం మొదలైన విషయాలపై 50కి పైగా ‘రిసాలా’లు వ్రాశారు. ఏ ఒక్క దానిపైనా రచయిత పేరు లేదు. ఆ రచయితలెవరో అని నాటి బాగ్దాదులోనే ఆరా మొదలయింది. మంత్రి ఇబ్న్‌ సాదాన్‌ అడిగినప్పుడు అబూ హయ్యాన్‌ తౌహీదీ కొన్ని పేర్లు చెప్పినట్లు ఆయన గ్రంథంలోనే ఉంది. అయినా విద్వాంసుల మధ్య ఆ వివాదం ఇప్పటికీ సమసిపోలేదు.

ఆ రిసాలాలలో ఒకటి మనుషులపై పశుపక్ష్యాదులు జిన్నుల రాజు వద్ద చేసుకున్న ఫిర్యాదు. తమను బానిసలుగా చేసుకొనే హక్కు మానవునికి ఎక్కడిదని అవి నిలదీస్తాయి. కల్కత్తాలోని ఫోర్ట్‌ విలియం కళాశాల కోసం మౌల్వీ ఇక్రాం అలీ 1810లో ఈ కథను ఉర్దూలోకి అనువదించారు. కంపెనీ ఉద్యోగులు ఉర్దూ నేర్చుకోవడానికి దానిని పాఠ్యగ్రంథంగా చదివారు. నోరులేని బానిసలు యజమానిని ప్రశ్నించే కథను, ఒక దేశాన్ని అధీనం చేసుకుంటున్నవారే పాఠంగా చదవడం చరిత్రలోని విచిత్రాలలో ఒకటి.

వీరి తాత్విక సిద్ధాంతాలను నాటి పండితులలో చాలామంది అంగీకరించలేదు. షరీఅతును, గ్రీకు తత్వశాస్త్రాన్ని కలపాలన్న ప్రయత్నం ఫలించదని అబూ సులైమాన్‌ సిజిస్తానీ విమర్శించారు. గమనించవలసినదేమంటే ఆ విమర్శకు రచయితల పేర్లు అవసరం కాలేదు. వాదానికి ప్రతివాదం ఎదురయింది. పేరు లేకపోవడం వారిని విమర్శ నుంచి కాపాడలేదు. వారి విద్యకు ఆ రక్షణ అవసరమూ లేదు.

హలబ్‌ నుంచి కైరోకు

ఆధునిక కాలంలో ఈ విషయానికి మిక్కిలి స్పష్టమైన నిదర్శనం అబ్దుర్రహ్మాన్‌ అల్‌ కవాకిబీ జీవితం. ఆయన 1855 ప్రాంతంలో సిరియాలోని హలబ్‌ నగరంలో, పండితులుగా పేరుపొందిన సయ్యిద్‌ వంశంలో జన్మించారు. ఆ వంశం పేరుతో హలబ్‌లో ఒక మద్రసా ఉండేది. యౌవనంలో ఆయన ‘ఫురాత్‌’ అనే ప్రభుత్వ పత్రికలో పనిచేశారు. ప్రభుత్వ పత్రికలో ప్రజల బాధలకు చోటు ఉండదని గ్రహించి, 1877లో ‘అష్షహ్‌బా’ అనే స్వతంత్ర పత్రికను స్థాపించారు. తన పేరుతో అనుమతి రాదని తెలిసి హాషిం అత్తార్‌ అనే మిత్రుని పేరుతో అనుమతి తీసుకున్నారు. కొద్ది సంచికలకే ప్రభుత్వం దానిని మూయించింది. 1879లో ఆరంభించిన ‘అల్‌ ఇతిదాల్‌’ పత్రికకూ అదే గతి పట్టింది.

అవి ఉస్మానీ రాజ్యంలో కఠినమైన రోజులు. 1876లో ప్రకటించిన రాజ్యాంగాన్ని 1878లో సుల్తాన్‌ రెండవ అబ్దుల్‌ హమీద్‌ పక్కన పెట్టి, పార్లమెంటును పంపివేశాడు. పత్రికలపై ముందస్తు తనిఖీ అమలులోకి వచ్చింది. అయితే ఈ సుల్తాన్‌ భారతీయ ముస్లింల దృష్టిలో ఖలీఫా. ఐరోపా రాజ్యాల దురాక్రమణకు ఎదురు నిలిచిన ముస్లిం పాలకుడు. హిజాజ్‌ రైలు మార్గానికి భారతదేశం నలుమూలల నుంచి, హైదరాబాదు నుంచి కూడా చందాలు వెళ్ళాయి. ఆ గౌరవానికి కారణాలు లేకపోలేదు. అయినా దూరాన ఉన్నవారికి ఖలీఫాగా కనిపించిన పాలకుడే, హలబ్‌ వంటి నగరాలలో గవర్నర్ల ద్వారా, గూఢచారుల ద్వారా ప్రజలకు ఎదురయ్యాడు. కవాకిబీని అర్థం చేసుకోవాలంటే ఈ రెండు ముఖాలనూ చూడాలి.

పత్రికలు మూతపడిన తర్వాత ఆయన పేదల కోసం, అన్యాయానికి గురైనవారి కోసం అర్జీలు వ్రాసిపెట్టే పని చేపట్టారు. అందువల్ల ప్రజలు ఆయనను ‘అబుజ్జుఅఫా’, అంటే బలహీనుల తండ్రి అని పిలిచారు. 1886లో గవర్నర్‌ జమీల్‌ పాషాపై జరిగిన హత్యాప్రయత్నం కేసులో ఆయనను కూడా అనుమానించి జైలులో పెట్టారు, తర్వాత విడిచిపెట్టారు. మరొకసారి రాజద్రోహం మోపి మరణశిక్ష విధించారు. కేసు బైరూత్‌కు మారి, అక్కడ పునర్విచారణలో నిర్దోషిగా తేలారు. తన పేరుతో తన ఊరిలో మాట్లాడే అవకాశాలన్నీ ఈ విధంగా ఒక్కొక్కటిగా మూసుకుపోయాయి.

1899 ప్రాంతంలో ఆయన హలబ్‌ విడిచి ఈజిప్టు చేరారు. అక్కడ షేఖ్‌ అలీ యూసుఫ్‌ నడుపుతున్న ‘అల్‌ మువయ్యద్‌’ పత్రికలో నిరంకుశత్వంపై వరుసగా వ్యాసాలు వెలువడ్డాయి. వ్యాసకర్త పేరు లేదు. ఆ తర్వాత అవే ‘తబాయి ఉల్‌ ఇస్తిబ్దాద్‌’, అంటే ‘నిరంకుశత్వ స్వభావాలు’ అనే గ్రంథంగా వచ్చాయి. దానిపై ఉన్న పేరు ‘రహ్హాలా కాఫ్‌’, అంటే ‘యాత్రికుడు కాఫ్‌’ మాత్రమే. కాఫ్‌ అన్నది ఆయన ఇంటి పేరులోని తొలి అక్షరం. ‘ఉమ్ముల్‌ ఖురా’ అనే ఆయన మరో గ్రంథానికి ‘అస్సయ్యిద్‌ అల్‌ ఫురాతీ’ అన్నది రచయిత నామం. ఆ పేరులో ఆయన ప్రాంతపు నది ఉంది, తొలిసారి కలం పట్టిన పత్రిక కూడా ఉంది.

ఏ పేరూ లేని గ్రంథం

‘నిరంకుశత్వ స్వభావాలు’ గ్రంథంలో మరొక విశేషం ఉంది. రచయిత తన పేరును ఎలా దాచారో, తాను విమర్శించే పాలకుని పేరును కూడా అలాగే వదిలివేశారు. ఒక ప్రత్యేక నియంతను గాని, ఒక ప్రత్యేక ప్రభుత్వాన్ని గాని ఉద్దేశించి వ్రాయడం లేదని ముందుమాటలోనే స్పష్టం చేశారు. నిరంకుశత్వానికి ధర్మంతో, విద్యతో, కీర్తితో, ధనంతో, నీతితో, విద్యాభ్యాసంతో, అభివృద్ధితో గల సంబంధాన్ని ఒక్కొక్క అధ్యాయంలో పరిశీలించారు.

ఆయన విశ్లేషణలో నేటికీ పదును తగ్గని అంశాలు ఉన్నాయి. నియంత అన్ని విద్యలకూ భయపడడు. పరలోకానికి మాత్రమే పరిమితమైన విద్యకు, వ్యాకరణ చర్చలకు అతడు అడ్డు చెప్పడు. మనిషికి తన హక్కులేమిటో తెలియజెప్పే విద్యకు, చరిత్రకు, రాజనీతికి, జనాన్ని కదిలించే వక్తృత్వానికి భయపడతాడు. కొందరు ఐరోపా రచయితలు రాజకీయ నిరంకుశత్వం ధార్మిక నిరంకుశత్వం నుంచే పుట్టిందని వాదించారు. కవాకిబీ ఖుర్‌ఆన్‌ బోధనలను, షూరా పద్ధతిని, తొలి ఖలీఫాల ఆచరణను చూపించి, ఆ నింద ఇస్లాంకు వర్తించదని నిరూపించడానికి ప్రయత్నించారు. చివరి అధ్యాయంలో మూడు సూత్రాలు చెప్పారు. అధిక సంఖ్యాకులకు నిరంకుశత్వపు బాధ తెలియని జాతి స్వాతంత్ర్యానికి అర్హం కాదు. నిరంకుశత్వాన్ని హింసతో గాక మెల్లగా, క్రమంగా ఎదుర్కోవాలి. దానిని తొలగించడానికి ముందే దాని స్థానంలో ఏమి రావాలో నిర్ణయించుకోవాలి.

ఇందులో నమ్మకంపై స్వీకరించవలసిన సాక్ష్యం ఏదీ లేదు. ప్రతి వాక్యాన్నీ పాఠకుడు తన ఊరితో, తన పాలకునితో పోల్చి పరీక్షించుకోగలడు. రచయిత పేరు పైన ఉండి ఉంటే హలబ్‌ పాఠకుడు “ఇది గవర్నర్లతో తగవు పడ్డవాని కసి” అని, ఇస్తాంబుల్‌ అధికారి “ఇది రాజద్రోహం కేసు ముద్దాయి వ్రాసినది” అని పక్కన పెట్టేవారు. పేరు లేకపోవడం వల్ల వారు వాదాన్నే ఎదుర్కోవలసి వచ్చింది.

‘ఉమ్ముల్‌ ఖురా’ ఒక ఊహా సమావేశపు నివేదిక. హజ్‌ కోసం మక్కా చేరిన 20 మందికి పైగా ప్రతినిధులు ముస్లింల పతనానికి కారణాలను చర్చిస్తారు. వారికి కూడా సొంత పేర్లు లేవు. నజ్ద్‌ పండితుడు, యమన్‌ ముహద్దిసు, సిరియా విద్వాంసుడు, హిందూ దేశపు ప్రతినిధి అని ప్రాంతాలతోనే పిలవబడతారు. బహిరంగంగా సమావేశం కాలేని సమాజానికి రచయిత కాగితం మీద ఒక సమావేశాన్ని ఏర్పాటు చేశారు. షేఖ్‌ రషీద్‌ రిజా తన ‘అల్‌ మనార్‌’ పత్రికలో దానిని ధారావాహికగా ప్రకటించారు.

1901లో కవాకిబీ అరేబియా, తూర్పు ఆఫ్రికా తీరాలు తిరిగి కరాచీ రేవు దాకా వచ్చారని ఆయన జీవిత చరిత్రకారులు వ్రాశారు. 1902 జూన్‌లో కైరోలో హఠాత్తుగా మరణించారు. విషప్రయోగం జరిగిందని ఆయన సన్నిహితులు నమ్మారు. అది న్యాయస్థానంలో నిరూపించబడలేదు. ఆ అనుమానం కలగడమే ఆయన పేరు ఎందుకు దాచుకోవలసి వచ్చిందో తెలియజేస్తుంది. ఆయన మరణించిన ఆరేళ్ళకు, 1908లో, ఉస్మానీ రాజ్యాంగం తిరిగి అమలులోకి వచ్చింది.

రెండు ఆక్షేపణలు

పేరు దాచుకోవడం పిరికితనం కాదా అన్నది మొదటి ఆక్షేపణ. దుర్మార్గుడైన పాలకుని ఎదుట న్యాయమైన మాట పలకడం అత్యుత్తమ జిహాద్‌ అని హదీసులో ఉంది. హజ్రత్‌ అబూబక్ర్‌ (రజి) ఖలీఫా పదవి స్వీకరించిన నాడు, తాను తప్పు చేస్తే సరిదిద్దమని ప్రజలనే కోరారు. అటువంటి పాలనలో పేరు దాచుకోవలసిన అగత్యం ఎవరికీ లేదు. ఆదర్శం అదే. కాని సరిదిద్దబోయినవానికి సంకెళ్ళు పడే కాలంలో ఏమి చేయాలి? ఫిఖహ్‌ శాస్త్రం ఇక్కడ ‘అజీమత్‌’, ‘రుఖ్సత్‌’ అనే రెండు స్థాయిలను చూపిస్తుంది. కష్టాన్ని భరించి దృఢంగా నిలవడం అజీమత్‌. నిర్బంధంలో ఉన్నవానికి ఇవ్వబడిన సడలింపు రుఖ్సత్‌. మక్కాలో చిత్రహింసలకు గురైన హజ్రత్‌ అమ్మార్‌ బిన్‌ యాసిర్‌ (రజి) విషయంలో అన్‌ నహ్ల్‌ సూరా 106వ ఆయతు అటువంటి సడలింపును ప్రసాదించింది. ప్రాణం కోసం నోటిమాటను మార్చుకోవడానికే సడలింపు ఉన్నప్పుడు, సత్యాన్ని ఏ మాత్రం మార్చకుండా కేవలం సంతకాన్ని దాచుకోవడం నింద్యం ఎలా అవుతుంది? అందరూ అజీమత్‌కే బద్ధులైతే ఇల్లాలు, పిల్లలు, ఉద్యోగం ఉన్న సామాన్యుని గొంతు ఎన్నటికీ వినబడదు. అప్పుడు మాట్లాడే హక్కు ప్రాణాలకు తెగించినవారికి, అధికారం అండ ఉన్నవారికి మాత్రమే మిగులుతుంది.

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. పేరు లేనప్పుడు దాని వెనుక ఎవరి ప్రయోజనం ఉందో పాఠకునికి తెలియదు. కవాకిబీ విషయంలోనే ఈ ప్రశ్న వచ్చింది. ‘ఉమ్ముల్‌ ఖురా’లో ఖురైష్‌ వంశీయుడైన అరబ్బు ఖలీఫా మక్కాలో ఉండాలన్న ప్రతిపాదన ఉంది. ఈజిప్టు ఖదీవ్‌ అబ్బాస్‌ హిల్మీకి సుల్తాన్‌తో స్పర్ధ ఉండేది. కవాకిబీకి ఆయన ఆదరణ లభించిందని కొందరు చరిత్రకారులు చర్చించారు. ‘అల్‌ ఫురాతీ’ని చదివిన సామాన్య పాఠకునికి ఈ సంగతి తెలిసే వీలు లేదు. ఇది నిజమైన లోపమే. ఫలానావారిని ఖలీఫాను చేయండి అన్న ప్రతిపాదనకు ప్రతిపాదకుని సంబంధాలు తెలియాలి. నిరంకుశత్వం విద్యకు శత్రువు అన్న వాదానికి ఆ అవసరం లేదు. ఒకే రచయిత గ్రంథాలు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అజ్ఞాతం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ తడబడుతుందో తెలుస్తుంది.

హైదరాబాదు కరపత్రం

కవాకిబీ హలబ్‌లో ఉన్న రోజులలోనే, 1892 ఏప్రిల్‌లో, హైదరాబాదులో ఒక చిన్న ఇంగ్లీషు కరపత్రం పంచబడింది. దానిపైనా వ్రాసినవారి పేరు లేదు. నిజాం ప్రభుత్వంలో హోం సెక్రెటరీగా ఉన్న మెహదీ హసన్‌, ఫతే నవాజ్‌ జంగ్‌ను అది గురిచేసుకుంది. అయితే ఆయన పరిపాలనను కాదు, ఆయన భార్య పూర్వ జీవితాన్ని. ఆమె శీలంపై, వారి వివాహంపై హేయమైన ఆరోపణలు చేసింది. కరపత్రాన్ని అచ్చు వేయించాడని భావించిన వ్యక్తిపై మెహదీ హసన్‌ రెసిడెన్సీ కోర్టులో కేసు పెట్టారు. విచారణ నెలల తరబడి సాగింది. వ్రాసినవాడు బోనెక్కలేదు. ఆ ఇల్లాలి జీవితమే కోర్టులో విచారణకు గురయింది. 1893లో ముద్దాయి విడుదలయ్యాడు. మెహదీ హసన్‌ పదవి పోగొట్టుకొని లక్నో తిరిగి వెళ్ళిపోయారు. వ్రాసినది ఎవరో నేటికీ నిర్ధారణ కాలేదు.

రెండింటిలోనూ రచయిత పేరు లేదు. కాని కవాకిబీ గ్రంథంలో నిందితుని పేరు కూడా లేదు. అక్కడ ఉన్నది వ్యవస్థపై విచారణ. హైదరాబాదు కరపత్రంలో రచయిత చీకటిలో ఉన్నాడు, బాధితులు మాత్రం పేర్లతో సహా వీధిలో నిలబెట్టబడ్డారు. అక్కడ ఉన్నది సాక్ష్యం కావలసిన ఆరోపణ. పతివ్రతలపై నింద మోపి నలుగురు సాక్షులను తీసుకురాలేనివారికి అన్‌ నూర్‌ సూరా శిక్ష విధించింది. అటువంటివారి సాక్ష్యాన్ని ఇక ఎన్నడూ స్వీకరించవద్దని కూడా ఆజ్ఞాపించింది. నమ్మదగనివాడు తెచ్చిన వార్తను విచారించి చూడమని అల్‌ హుజురాత్‌ సూరా చెప్పింది. వ్యక్తిని నిందించేవాడు తన పేరుతో ముందుకు రావలసిందే. హదీసు విద్వాంసులు మజ్‌హూల్‌ ఉల్లేఖకుని ఎందుకు తోసివేశారో ఇక్కడ స్పష్టమవుతుంది.

పాలకుని చేతిలోని చీకటి

అజ్ఞాతం బలహీనునికే పరిమితం కాదు. అబ్దుల్‌ హమీద్‌ పాలనలో యిల్దిజ్‌ రాజప్రాసాదానికి గూఢచారులు పంపే రహస్య నివేదికలను ‘జుర్నాల్‌’ అనేవారు. పొరుగువాడు పొరుగువానిపై, ఉద్యోగి తోటి ఉద్యోగిపై వ్రాసేవాడు. ఆరోపించినవాడెవరో ఆరోపణకు గురైనవానికి తెలిసేది కాదు. ఇది కవాకిబీ అజ్ఞాతానికి సరిగా తలకిందులు. ఒకటి బలవంతుని నుంచి బలహీనుని కాపాడింది, మరొకటి బలహీనుని బలవంతునికి అప్పగించింది. ఇతరుల లోగుట్టును కూపీ లాగడాన్ని, చాటున నిందించడాన్ని ఖుర్‌ఆన్‌ ఒకే ఆయతులో నిషేధించింది. జుర్నాల్‌ వ్రాసేవాడు ఆ రెండు పనులనూ ఒకే కాగితం మీద చేసేవాడు.

నేటి ప్రజాస్వామ్యం ఈ విచక్షణను కొంతవరకు తన చట్టాలలో చేర్చుకుంది. ఇంగ్లండులో 1872 దాకా ఓటరు తన ఓటును బహిరంగంగా చెప్పవలసి వచ్చేది. భూస్వామి, యజమాని వింటుండగా కౌలుదారు, కూలివాడు తన మనసులోని పేరు ఎలా చెప్పగలడు? ఆ సంవత్సరపు చట్టం రహస్య ఓటును తెచ్చింది. భారతదేశంలో 1951 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టం ప్రకారం, తాను ఎవరికి ఓటు వేశాడో చెప్పమని ఏ ఓటరునూ నిర్బంధించరాదు. అభ్యర్థులెవరూ నచ్చలేదని తెలిపే ఓటరుకు కూడా ఆ రహస్యం ఉండాలని 2013లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పి, దానిని భావప్రకటన స్వేచ్ఛతో ముడిపెట్టింది. పేరు లేని చీటీలో కోట్లమంది సామాన్యులు పాలకునికి తీర్పు చెబుతున్నారు. అదే సమయంలో ఆ పాలకుని ఖజానా లెక్కలు, అతని ఉత్తర్వులు, వాటిపై సంతకాలు బహిరంగంగా ఉండాలని ప్రజాస్వామ్యం కోరుతుంది. ప్రశ్నించేవాడు పేరు దాచుకోవచ్చు. అధికారం చెలాయించేవాడు దాచుకోరాదు.

కవాకిబీ గ్రంథాలపై నేడు ఆయన పూర్తి పేరు అచ్చవుతున్నది. చెప్పినందుకు శిక్షించే శక్తి తొలగిపోగానే ఆయన పేరు దానంతట అదే వెలుగులోకి వచ్చింది. హైదరాబాదు కరపత్రం వ్రాసినవాని పేరు 130 ఏళ్ళు దాటినా బయటపడలేదు. పేరు లేని రచన మన చేతికి వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇందులో నేను పరీక్షించి చూడగల వాదం ఉందా, లేక నమ్మి తీరవలసిన ఆరోపణ ఉందా? ఈ చీకటి ఎవరిని ఎవరి నుంచి కాపాడుతున్నది? ఈ రెంటికీ జవాబు దొరికిన తర్వాతనే ఆ రచనను చదవాలో, పక్కన పెట్టాలో తేలుతుంది. ఒక సమాజంలో పేరు లేని గ్రంథాలు ఎక్కువగా పుడుతున్నాయంటే ముందుగా వెదకవలసింది వాటి రచయితలను కాదు, వారు పేరు చెప్పలేకపోవడానికి గల కారణాన్ని. హజ్రత్‌ అబూబక్ర్‌ (రజి) మాదిరిగా తప్పును సరిదిద్దమని కోరే పాలకుడు ఉన్నచోట, ‘యాత్రికుడు కాఫ్‌’ తన పూర్తి పేరుతోనే ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడతాడు.